ఎండలో వేయించిన తోర్తాలు

ఏప్రిల్ 22

రాయకుండానే ఈ డైరీ మూసేద్దామనుకున్నాను. ఎరువుల కొట్టువాడు కొత్త సంవత్సరానికి ఊరందరికీ ఊరికే పంచినది. జనవరి నుంచి ఇప్పటిదాకా ఒక్క ముక్క లేదు. తిరగేస్తుంటే ఆ నెలల్లో నేను బతికే ఉన్నానా అని నాకే అనుమానం వచ్చింది. సరే, అనుమానం తీరడానికైనా నాలుగు ముక్కలు.

పొద్దున్నుంచి వాన. మధ్యాహ్నం నిల్డా వచ్చింది, గొడుగు లేకుండా, రబ్బరు బూట్లతో. మా పాత రైల్వే స్టేషన్లో గూడ్స్ షెడ్డు ఉందే, అందులో దిక్కులేని కుక్కల్నీ పిల్లుల్నీ పెట్టుకుని సాకుతుందామె. ఒక గాడిద కూడా ఉంది, దాని సంగతి ఎవరూ అడగరు. వాళ్ళ నాన్న నాతో పనిచేసిన గార్డు. అందుకని నన్ను బాబాయ్ అంటుంది.

"బాబాయ్, పిన్ని వేసేదే, ఆ తోర్తాలు నీకు చేతనవునా?"

"తినడం చేతనవును."

"వేళాకోళం కాదు. వేసే ఆవిడకి మోకాలి ఆపరేషన్. వాన ఇలా కురుస్తున్నా షెడ్డు ముందు పొయ్యి వెలిగించేవాళ్ళు లేరు. తోర్తాలు అమ్మిన డబ్బుతోనే కదా మేత. లేకపోతే ఈ కుక్కలన్నీ ఏం తింటాయి, నా తల తింటాయి."

మా దేశంలో వాన పడితే తోర్తాలు తినాలి. పిండి ముద్దని పల్చగా వత్తి, మధ్యలో వేలితో చిల్లు పెట్టి, గొడ్డు కొవ్వులో వేయించే రొట్టె. వాన లేని రోజు ఎవడూ తినడు. రాజ్యాంగంలో లేదుగానీ రాజ్యాంగం కన్నా గట్టి రూలు. పూర్వం పశువుల కాపరులు వాన నీళ్ళు పట్టి పిండి కలిపేవాళ్ళని ఒకాయన రేడియోలో చెప్పాడు. నా లెక్కలో, వానలో చేయడానికి ఇంకే పనీ ఉండక కనిపెట్టారు.

చేతనవునని చెప్పాను. మా ఆవిడ అమబీలియా చేస్తుంటే అన్నేళ్ళు పక్కన కూర్చుని చూసినవాణ్ణి, ఆ మాత్రం రాదా.

ఏప్రిల్ 23

ఆ మాత్రం రాలేదు. మొదటి దఫా తోర్తాలు గాడిదకి పెట్టారు. గాడిద ఆలోచించి తిన్నది.

రెండో దఫాకి గుర్తొచ్చింది. ఉప్పు వేసిన వేడి నీళ్ళు, తర్వాత కొవ్వు, తర్వాత పిండికి గుడ్డ కప్పి దాని మానాన దాన్ని వదిలేయాలి. ఆ వదిలేయడమే అసలు పని. అమబీలియా ఆ సమయంలో కిటికీలోంచి పక్కింటివాళ్ళని చూసేది. నేను ప్లాట్‌ఫారం చూశాను.

ఈ ప్లాట్‌ఫారం మీదే ఆమె కనిపించింది నాకు. రైలు ఆగగానే బుట్ట భుజాన పెట్టుకుని కిటికీ కిటికీకీ తిరిగి తోర్తాలు అమ్మేది. నేను పట్టాలు మార్చి సిగ్నల్ ఇచ్చే పాయింట్స్‌మన్‌ని. ఆమె బుట్ట ఖాళీ అయ్యేదాకా నాకు సిగ్నల్ లీవరు తెగ బరువుగా ఉండేది. ఉత్తరాదికి వెళ్ళే బండి మా స్టేషన్లో ఎందుకు ఆలస్యమవుతోందో తేల్చమని ఒక ఇన్‌స్పెక్టరుని పంపారు. ఆయన నాలుగు తోర్తాలు తిని, లీవరుకి నూనె వేయమని రాసి వెళ్ళిపోయాడు. ఇప్పుడు బండ్లూ లేవు, ఇన్‌స్పెక్టర్లూ లేరు. లీవరు మాత్రం ఉంది. దానికి ఒక పిల్లి వీపు రుద్దుకుంటోంది.

కొవ్వు వాషింగ్టన్ ఇచ్చాడు. మాంసం కొట్టు వాషింగ్టన్. మా ఊళ్ళో వాషింగ్టన్లు ముగ్గురు, నెల్సన్లు చెప్పలేనంతమంది. మా తల్లిదండ్రుల తరం పేర్లన్నీ పేపర్లోంచి ఏరుకునేది. నా పేరు మాత్రం క్యాలెండర్లోంచి వచ్చింది. నేను పుట్టిన రోజు అందులో ఉన్న సాధువు పేరు ఒలెగారియో. మా నాన్న ఒక్క రోజు ఆగి ఉంటే బాగుండేది.

ప్లాట్‌ఫారం చివర ఒక చారల కుక్క పడుకుని ఉంది. మూతి నెరిసిపోయింది. దక్షిణం వైపు, బండ్లు వచ్చే వైపు చూస్తూ. లేవదు, మొరగదు. నిల్డా దానికి హెఫె అని పేరు పెట్టింది, పెద్దసారు అని. ఇన్నేళ్ళు ఈ స్టేషన్లో చాకిరీ చేసిన నేను పెద్దసారుని కాలేకపోయాను. అది వచ్చిన వారానికే అయింది.

విరిగిన తోర్తా ఒకటి వేశాను. అది తోర్తాని చూసి, నన్ను చూసి, తర్వాత తిన్నది. మర్యాద తెలిసిన కుక్క. అంతే, ఇంకేం లేదు.

ఏప్రిల్ 30

వాన. జనం బాగా వచ్చారు. హెఫె వచ్చి పొయ్యి దగ్గర, నా కాలి మీద గడ్డం ఆనించి కూర్చుంది. చలికి.

ఎవరికో చెప్తున్నట్టు అడిగాను నిల్డాని, ఇంత ముసలి కుక్కని ఎవరైనా తీసుకెళ్తారా అని.

"ఎందుకు తీసుకెళ్ళరు. నీకు కావాలా?"

"నాకెందుకు. నా స్నేహితుడొకడు అడిగాడు."

"ఎంత వయసు ఆయనకి?"

"నా ఈడే."

"అయితే రూలు చెప్పు బాబాయ్ ఆయనకి. డెబ్బై దాటినవాళ్ళకి కుక్కనివ్వాలంటే, ఆయన తర్వాత దాన్ని నేను చూసుకుంటానని ఇంకొకరు నా ఎదురుగా నిలబడి మాటివ్వాలి. ఒంటరి ముసలావిడ ఎర్మెలిందా పోయినప్పుడు ఆవిడ కుక్క తాళం వేసిన గుమ్మం ముందు ఎండిపోయింది. నేను ఎత్తుకొచ్చేసరికి ఎముకలే. మళ్ళీ అలాంటిది చూడలేను."

న్యాయమే. స్నేహితుడికి చెప్తానన్నాను.

మే 4

వాన లేదు.

మే 7

వాన లేదు. నది అవతల కోర్డోబా వైపు నుంచి మబ్బులొస్తాయని రేడియోవాడన్నాడు. రాలేదు. ఆ మబ్బులకి నదిని దాటే ఓపిక లేనట్టుంది.

మే 9

వాన లేదు. స్టేషన్ వైపు వెళ్ళాను. వేరే పని మీద. స్టేషన్ వెనక వీధిలో గడ్డం చేసేవాడున్నాడు కదా. ఇన్నాళ్ళూ గడ్డం నేనే చేసుకునేవాణ్ణి, అది వేరే సంగతి. కంచె అవతల హెఫె కనిపించింది. నన్ను చూసి లేచి నిలబడింది.

నిల్డా అటు తిరిగి ఉంది. నేను తొందరగా వచ్చేశాను. తోర్తాల పని లేకుండా ఊరికే వెళ్ళి నిలబడితే ఏమనుకుంటుంది. ముసలాయనకి ఇంట్లో గోడలు కరుస్తున్నాయనుకుంటుంది.

మే 13

వాషింగ్టన్ కొట్టుకెళ్ళాను. గొట్టంతో పీల్చే మాతె టీ గిన్నె చేతిలో పెట్టాడు. ఒక గుక్క పీల్చి, నా మేనకోడలు మోంతేవిదేవోలో ఫ్లాటులో ఉంటుందనీ, ఆ బిల్డింగులో కుక్కల్ని ఉండనివ్వరనీ, అటునుంచి మొదలుపెట్టాను.

"అసలు సంగతికి రా ముసలోడా. మాతె చల్లారిపోతోంది."

చెప్పాను.

వాడు కత్తి తుడుచుకుంటూ చాలాసేపు నవ్వాడు. "అంటే నువ్వు పోయాక నీ ఆస్తికి వారసుణ్ణి నేను. ఆస్తి ఏమిటంటే పళ్ళు లేని కుక్క."

"పళ్ళున్నాయి."

"నీకన్నా ఎక్కువా?"

"నీకన్నా ఎక్కువే."

"మరి నీకన్నా ముందు నేనే పోతే?"

"పోతే నీ ఎముకలు దానికే వేస్తాను. నీ కొట్టు ఎముకలు దానికి అలవాటే కదా."

మళ్ళీ నవ్వాడు. తర్వాత నవ్వడం మానేసి, "సరే అన్నా. నాకు అభ్యంతరం లేదు. నువ్వు ఎప్పుడు రమ్మంటే అప్పుడొచ్చి నిల్డా ఎదుట నిలబడి చెప్తాను" అన్నాడు. వాషింగ్టన్ నన్ను అన్నా అని పిలిచింది ఇంతకుముందు ఒక్కసారే, అమబీలియా పోయిన రోజు.

మే 14

నిల్డాకి చెప్పాలి. కానీ దీనికోసమని ప్రత్యేకంగా, టోపీ చేత్తో పట్టుకుని, అప్పుకొచ్చినవాడిలా గేటు దగ్గర నిలబడటం నాకు బాగుండదు. వానొస్తే ఎలాగూ వెళ్తాను. పిండి కలుపుతూ మాటల్లో మాటగా అనేస్తాను. తొందరేముంది.

మే 17

వాన లేదు.

మే 18

వాన లేదు. వంటింట్లో పాత దుప్పటి ఒకటి మడిచి పొయ్యి పక్కన పెట్టాను. నేల చల్లగా ఉంటోంది, అందుకని.

మే 21

వాన లేదు. హెఫె వస్తే పొయ్యి పక్కన పడుకుంటాడో, గుమ్మం దగ్గర పడుకుంటాడో. స్టేషన్లో పనిచేసే రోజుల్లో మాకు తోమాసా అని ఒక కుక్క ఉండేది. ప్రతి బండికీ వెళ్ళి గార్డు పెట్టెలోకి తొంగిచూసి వచ్చేది. ఒక రోజు ఎక్కేసింది. ఆర్తిగాస్ దాకా వెళ్ళి, మర్నాటి బండిలో తిరిగొచ్చింది, టికెట్టు లేకుండా. అమబీలియా దాన్ని తిట్టిన తిట్లు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి. తిడుతూనే పాలు పోసింది. ఆ ఇంట్లో అప్పుడు ఎంత చప్పుడుండేది.

మే 25

వాన లేదు.

మే 28

ఇవాళ్టి సంగతి ఎలా రాయాలో తెలియడం లేదు. ఉన్నదున్నట్టు రాస్తాను.

పొద్దున లేచేసరికి ఆకాశం తోమిన గిన్నెలా ఉంది. కుక్కల మేత అయిపోవచ్చిందని బేకరీలో ఎవరో అంటుంటే విన్నాను. మేత కోసమే వెళ్ళాను. ఇది స్పష్టంగా రాస్తున్నాను: మేత కోసమే. షెడ్డు తాళం చెవి ఒకటి నా దగ్గరుంది. నిల్డా ఇంకా రాలేదు. పొయ్యి వెలిగించాను, పిండి కలిపాను, గుడ్డ కప్పాను. హెఫె వచ్చి నా కాలి మీద గడ్డం పెట్టాడు. వాడు ఆకాశం వైపు చూడలేదు. వాడికి రూళ్ళతో పనిలేదు.

మొదటి తోర్తా కొవ్వులో పడి వాసన లేచేసరికి వీధిలో కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. మందుల షాపు ఓఫీలియా గుమ్మంలోకొచ్చి, అరచెయ్యి బయటికి చాచి చూసుకుంది. చినుకు లేదు. శిలువ గుర్తు వేసుకుని లోపలికెళ్ళింది. దారిన పోయే ఇద్దరు ఆడవాళ్ళు ఆగారు.

"ఎవరైనా పోయారా?" అనడిగింది ఒకావిడ.

"ఎవరూ పోలేదమ్మా. తోర్తాలు."

"ఇంత ఎండలోనా?"

"వేడిగానే ఉన్నాయి."

ఆవిడ రెండో ఆవిడ చెయ్యి పట్టుకుని పక్కకి లాక్కెళ్ళింది. ఒకడు సెల్‌ఫోన్లో ఫొటో తీశాడు. వాషింగ్టన్ ఏప్రాన్‌తోనే పరిగెత్తుకొచ్చాడు, ఎవరో చెప్పినట్టున్నారు.

"ఏమిటిది ముసలోడా? తల తిరుగుతోందా? నీళ్ళు తాగు ముందు."

"నాకేం కాలేదు. మేత అయిపోయిందని..."

"మేత అయిపోతే నన్నడగాలి. ఎండలో తోర్తాలేమిటి? ఊరు ఊరంతా చూస్తోంది."

ఒక్కటి కూడా అమ్ముడుపోలేదు. పెద్ద పళ్ళెం నిండా గుట్ట, పైన సూర్యుడు.

నిల్డా వచ్చింది. ఆకాశం చూసింది, పళ్ళెం చూసింది, నన్ను చూసింది. తర్వాత నాతో మెల్లగా, ఒక్కో మాటా విడదీసి మాట్లాడింది. అది నాకు నచ్చలేదు.

"బాబాయ్. ఇవాళ ఏ వారం?"

"నీకు బుద్ధి లేని వారం. నా బుర్ర బాగానే ఉంది. కావాలంటే విను." అని మోంతేవిదేవో నుంచి ఉత్తరాది లైనులో స్టేషన్లన్నీ వరసగా చెప్పాను. కొలోన్, లాస్ పియెద్రాస్, ప్రోగ్రెసో, కనెలోనెస్, సాంతా లూసియా, ఫ్లోరిదా, లా క్రూస్, సరాందీ గ్రాందే. ఎక్కడెక్కడ బండి నీళ్ళు పట్టుకునేదో అది కూడా చెప్పాను. ఒక్కటీ తప్పలేదు.

నిల్డా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మెచ్చుకుందనుకున్నాను.

"మా నాన్న కూడా చివర్లో ఇవన్నీ వరసగా చెప్పేవాడు బాబాయ్. అన్నం తిన్నాడో లేదో మాత్రం చెప్పలేకపోయేవాడు."

నా దగ్గర తాళం చెవి తీసుకుంది. మర్యాదగానే తీసుకుంది. కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోమంది. వాషింగ్టన్ నన్ను ఇంటి దాకా దింపాడు.

కుక్క సంగతి నిల్డాకి చెప్పలేదు. ఆ పూట చెప్పే మాట కాదది.

మే 29

పక్కింటివాళ్ళు సూప్ పంపారు. ఓఫీలియా జ్ఞాపకశక్తికి మంచిదని ఏవో మాత్రలు పంపింది. మాత్రలు గట్టు మీద పెట్టి, ఎక్కడ పెట్టానో వెంటనే మర్చిపోయాను. తర్వాత దొరికాయి. ఇది ఎవరికీ చెప్పను.

జూన్ 3

వాన లేదు. ఉన్నా నాకేం.

జూన్ 10

నిల్డా వచ్చింది. తనే మాతె పెట్టుకొచ్చింది. చాలాసేపు గాడిద గురించి మాట్లాడింది. గాడిద గురించి మాట్లాడుతోందంటే ఇంకేదో ఉందనుకున్నాను.

"బాబాయ్, హెఫెని ఒకళ్ళు అడిగారు. వంతెన అవతల పాల డెయిరీ ఉంది కదా, నెల్సనూ రొసానా. వయసులో ఉన్నారు, మంచివాళ్ళు. వాళ్ళ ముసలి కుక్క ఈ మధ్యే పోయిందట. పిల్లకుక్క వద్దు, నెమ్మదైనది కావాలన్నారు. మూడుసార్లొచ్చి చూసి వెళ్ళారు. శనివారం తీసుకెళ్తారు. నువ్వు వాణ్ణి దగ్గరికి తీసేవాడివి కదా, ఎవరో చెప్తే వినడం కన్నా నేనే చెప్తే నయమని..."

నేను గిన్నె తిరిగిచ్చాను. బాగా వేడిగా ఉందన్నాను. తర్వాత నోట్లోంచి అదంతట అదే వచ్చింది.

"వాషింగ్టన్ మాటిచ్చాడు నాకు."

"ఏం మాట?"

"నా తర్వాత కుక్కని చూసుకుంటానని."

నిల్డా నా మొహం వైపు చూసింది. "స్నేహితుడన్నావు."

"స్నేహితుడే. నేనే."

"ఎప్పుడిచ్చాడు మాట?"

"మే నెలలో."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"వాన పడలేదు కదమ్మా."

ఆ మాట అన్నాక నాకే వినపడింది, అది ఎలా ఉందో. నిల్డా పొయ్యి పక్కన మడిచిన దుప్పటి వైపు చూసింది. చాలాసేపు చూసింది. మే 28న తోర్తాలు ఎందుకు వేయించానో అప్పుడు అర్థమైనట్టుంది. మళ్ళీ నాతో మెల్లగా, మాటలు విడదీసి మాట్లాడలేదు. మామూలు గొంతుతోనే అన్నది.

"వాళ్ళకి మాటిచ్చేశాను బాబాయ్. నిన్నే ఇచ్చాను. రొసానా ఏడ్చినంత పనిచేసింది."

"ఇచ్చిన మాట ఇచ్చినట్టే ఉండాలి" అన్నాను. "పొలాల్లో తిరుగుతాడు, పాలు తాగుతాడు. నా దగ్గరేముంది, రేడియో."

"ఇంకో కుక్కని చూద్దామా నీకు?"

"నాకు కుక్కలతో ఏం పని."

వెళ్ళేముందు షెడ్డు తాళం చెవి గట్టు మీద, ఓఫీలియా మాత్రల పక్కన పెట్టి వెళ్ళింది.

జూన్ 12

వాన. వెళ్ళలేదు.

జూన్ 13

వాన. వాషింగ్టన్ తలుపు కొట్టి, జనం తోర్తాల కోసం నిలబడ్డారు రమ్మన్నాడు. నడుము నొప్పన్నాను. "నడుము నీ దగ్గరుందని నాకిప్పుడే తెలిసింది" అన్నాడు. వాడిచ్చిన కొవ్వు పొట్లం గుమ్మంలో పెట్టి వెళ్ళాడు.

జూన్ 14

శనివారం. వెళ్ళకూడదనుకున్నాను గానీ సైకిలు అటే వెళ్ళింది. వాన ఆగింది. ప్లాట్‌ఫారం తడిగా మెరుస్తోంది, బండి వచ్చే ముందు మేం కడిగించినప్పుడు మెరిసినట్టు. ఆ రోజుల్లో ఒక్కో శనివారం ఈ ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టడానికి చోటుండేది కాదు. పెళ్ళికొడుకులూ, సైనికులూ, కోళ్ళ బుట్టలూ. ఎవరో ఒకరు ఎక్కుతుండేవాళ్ళు, ఎవరో ఒకరు కింద నిలబడి చెయ్యి ఊపుతుండేవాళ్ళు. నేనెప్పుడూ లీవరు దగ్గరే. ఎక్కనూ లేదు, ఊపనూ లేదు.

నెల్సన్ చిన్న ట్రక్కు వెనక తలుపు దించి ఉంచాడు. పొడుగ్గా, సిగ్గుపడుతూ ఉన్నాడు. రొసానా మాంసం ముక్క చూపిస్తోంది. హెఫె మాంసం వైపు చూశాడు, రొసానాని చూశాడు, ప్లాట్‌ఫారం మీద నాలుగు కాళ్ళూ పరిచి పడుకున్నాడు. నిల్డా పట్టీ పట్టి లాగింది. కదల్లేదు. నెల్సన్ ఎత్తబోయాడు. హెఫె మూలిగాడు, కరవలేదు. నెల్సన్ వెంటనే చేతులు తీసేశాడు.

"బలవంతం వద్దు" అన్నాడు నెల్సన్. "వాడికి ఇష్టం లేకపోతే వదిలేద్దాం లెండి. ఇంకోదాన్ని తీసుకెళ్తాం. అన్నీ దిక్కులేనివే కదా."

రొసానా మాంసం ముక్క సంచిలో పెట్టేసింది. మొహం అటు తిప్పుకుంది.

నిల్డా నన్ను చూసింది. "నీ మాట వింటాడు. ఒక్కసారి నువ్వు పిలిచి చూడు బాబాయ్. నువ్వు పిలిచినా రాకపోతే మానేద్దాం." ఆగి, మెల్లగా, నాకు మాత్రమే వినపడేలా అన్నది: "పిలవకపోయినా నేనేం అనుకోను."

సైకిలు గోడకి ఆనించాను. ట్రక్కు లోపలికి చూశాను. అడుగున గోనె సంచులు పరిచి ఉన్నాయి. వాటి మీద నెల్సన్ కోటు, మంచి ఉన్ని కోటు, లోపలి వైపు పైకి వచ్చేలా పరిచి ఉంది. అతను చొక్కా మీదే నిలబడి చలికి చేతులు రుద్దుకుంటున్నాడు.

నేను ట్రక్కు పక్కన నిలబడి, కోటు మీద అరచేత్తో తట్టాను.

"ఎక్కు" అన్నాను.

లేచాడు. ఒళ్ళు దులుపుకున్నాడు. ముందు కాళ్ళు పెట్టి ఆగాడు, వెనక కాళ్ళు బలహీనం, నేను కింద నుంచి చెయ్యి వేశాను. ఎక్కాడు. కోటు మీద రెండు చుట్లు తిరిగి పడుకున్నాడు.

రొసానా నా దగ్గరికొచ్చి, "ఏం పెడితే ఇష్టంగా తింటాడండీ?" అనడిగింది.

"ఏది పెట్టినా తింటాడు. ముందు మీ మొహం చూస్తాడు, తర్వాత తింటాడు. చూస్తున్నప్పుడు మీరు అటు తిరక్కండి."

సరేనన్నది. నెల్సన్ తలుపు ఎత్తి గొళ్ళెం పెట్టాడు. ట్రక్కు వంతెన వైపు తిరిగింది. నిల్డా ఏదో అనబోతే, గాడిదకి నీళ్ళు అయిపోయాయని చెప్పాను. నిజంగానే అయిపోయాయి. ఆమె బకెట్ తీసుకుని వెళ్ళింది.

ఇంటికొస్తుంటే పిండి మిల్లు దగ్గర సైకిలు చైను ఊడింది. దిగి, సరిచేసుకుని వచ్చాను.